అవగాహన లేక కాదండీ, మనం అడగక

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఓ వార్త చదివా, ఏదో ఊళ్లో విరేచనాలతో జనం ఆస్పత్రిలో చేరారు, చివర్లో ఆఫీసర్ గారి మాట ఒకటి వేశారు, "ప్రజల్లో అవగాహన లేకపోవడమే కారణం" అని. ఆ లైను దగ్గరే పేపర్ మడిచి పక్కన పెట్టేశా, కోపం వచ్చి.

నేను 31 ఏళ్లు ఏఎన్ఎంగా చేసి రిటైర్ అయినదాన్ని, పల్నాడు వైపు మూడు సబ్ సెంటర్లలో పనిచేశా, అందరికీ నర్సమ్మనే, అసలు పేరు చాలామందికి తెలీదు కూడా. ఈ 31 ఏళ్లలో అవగాహన అనే మాట విన్నన్నిసార్లు మా ఆయన గొంతు కూడా విని ఉండను. అవగాహన ర్యాలీ, అవగాహన సదస్సు, అవగాహన వారోత్సవాలు. కల్పించేదీ మేమే, ఫొటో తీసి గ్రూపులో పెట్టేదీ మేమే. కానీ ఊళ్లు తిరిగి తిరిగి నాకు అర్థమైంది ఏంటంటే, తెలియక చేయనివాళ్లు తక్కువ, తెలిసీ చేయనివాళ్లే ఎక్కువ, చేయకపోవడానికి వాళ్ల దగ్గర ఓ కారణం ఉంటది, ఆ కారణం మనం అడగం. అడగడం కూడా ఓ చదువేనంట, సోషియాలజీ అనీ ఆంత్రోపాలజీ అనీ యూనివర్సిటీల్లో చెప్తారు, ఆ చదువుకీ మన హెల్త్ డిపార్ట్‌మెంట్‌కీ మధ్య ఎవరో ప్రహరీ గోడ కట్టినట్టు ఉంటది. ఈ లెటర్ దాని గురించే. పొడుగైంది, కట్ చేసుకుంటే చేసుకోండి కానీ ఆ పళ్ల సంగతి మాత్రం తీసేయకండి.

పళ్ల సంగతి ఏంటంటే, ఓ ఏడు తొలకరి టైంలో "అతిసార వ్యాధిని అరికడదాం" అని బ్యానర్ పట్టుకుని స్కూలు పిల్లల్తో ర్యాలీ తీశాం. మర్నాడు అదే వీధిలో ఇల్లిల్లూ తిరుగుతుంటే ఒకమ్మాయి, ఇరవై ఏళ్లు ఉంటయ్యేమో, పది నెలల పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని గడప మీద కూర్చుంది. వాడి కళ్లు పీక్కుపోయి ఉన్నయ్, మాడు గుంటపడింది, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే వెనక్కి పోవట్లా. ఎన్నిసార్లు అయ్యాయమ్మా అంటే పొద్దుట్నించి ఎనిమిదో తొమ్మిదో అంది. నాకు ఒళ్లు మండి, "నిన్న ర్యాలీ మీ ఇంటి ముందు నుంచే పోయింది గదా, వినలేదా" అని గట్టిగానే అన్నా. ఆ పిల్ల భయపడలా, నా మొహం వంక చూసి "విన్నా నర్సమ్మా, మీరు చెప్పింది అతిసారానికి గదా, మావాడికి అది కాదు, పళ్లొస్తన్నయ్" అంది. లోపల్నించి వాళ్లత్త "పళ్లొచ్చేప్పుడు అట్టానే పోతయ్, ఒంట్లో వేడి పోవాల, ఆపగూడదు" అంది.

చూడండి, ఆ పిల్లకి అవగాహన లేదా? ర్యాలీ విన్నది, అతిసారం అనేది ప్రమాదం అని తెలుసు, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇస్తారని కూడా తెలుసు. కానీ ఆ మాట తన బిడ్డకి వర్తిస్తుందని అనుకోలా. అసలు అతిసారం అని మా ఊళ్లో ఎవరంటారు చెప్పండి, బ్యానర్ రాసినాయన కూడా ఇంట్లో అనడు.

పిల్లాడు బతికాడు లెండి, ఆటోలో పీహెచ్‌సీకి తీసకపోయాం. ఆ తర్వాత నాకు ఓ అలవాటు పట్టుకుంది, ఏ ఇంటికి పోయినా పిల్లలకి విరేచనాలు ఎన్ని రకాలమ్మా అని అడగటం. పళ్ల విరేచనాలు, దిష్టి తగిలి వచ్చేవి, తల్లి పడనిది తింటే పాల వల్ల వచ్చేవి, అజీర్తికి వచ్చేవి, జిగట విరేచనాలు, ఇట్టా చెప్పుకుంటూ పోతారు, ఒక్కోదానికి ఒక్కో మందు, ఒకదానికి దిష్టి తీయటం, ఒకదానికి తల్లికి పథ్యం. జబ్బు అని లెక్కపెట్టేది వాంతులూ బేదులూ కలిసి వస్తేనే. అంటే మనం ఇరవై ఏళ్లుగా చేసిన ప్రచారం అంతా వాళ్ల లెక్కలో ఐదారు రకాల్లో ఒక్క రకం గురించే.

ఇది నేనేదో కనిపెట్టానని మురిసిపోయా కానీ తర్వాత ఓ ట్రైనింగ్‌లో ఒక మేడం చెప్పారు, బంగ్లాదేశ్‌లో దీన్ని ఎప్పుడో పట్టుకున్నారని. అక్కడ బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఊరూరూ తిరిగి 1.2 కోట్ల ఇళ్లలో తల్లులకి ఇంట్లోనే ఓఆర్ఎస్ లాంటి ద్రావణం కలపడం నేర్పింది. ప్యాకెట్ కాదు, మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర శేరు నీళ్లు, అంతే. నేర్పే అమ్మాయిలకి జీతం ఎట్టా ఇచ్చారో వింటే మన ఆఫీసర్లకి కళ్లు తిరుగుతయ్, ఎన్ని ఇళ్లు తిరిగారని కాదు, కొన్ని వారాల తర్వాత వేరే మనిషి పోయి కొందరు తల్లుల్ని అడిగితే వాళ్లకి ఎంత గుర్తుందో, సరిగ్గా కలుపుతున్నారో లేదో చూసి దాన్ని బట్టి డబ్బులు. మాకేమో ఎన్ని కరపత్రాలు పంచామో లెక్క.

అయినా అక్కడ కూడా మొదట్లో దెబ్బతిన్నారు, అదే అసలు కథ. తల్లులు చక్కగా కలుపుతున్నారు, అడిగితే తప్పు లేకుండా చెప్తున్నారు, కానీ పిల్లలకి పట్టేవాళ్లు మాత్రం బాగా తక్కువ. అప్పుడు వాళ్లు "అవగాహన లేదు" అని ప్రెస్ నోట్ ఇవ్వలేదు, సమాజాన్ని చదివినవాళ్లని ఊళ్లకి పంపారు. వాళ్లు కూర్చుని విని వచ్చి చెప్పింది ఏంటంటే, అక్కడి జనానికి విరేచనాలు నాలుగు రకాలు, ఒక్కోదానికి ఒక్కో పేరు, డయేరియా అని వీళ్లు వాడిన పేరు వాళ్లకి కలరా లాంటి పెద్ద జబ్బుకి మాత్రమే, మిగతా మూడింటికి ఈ నీళ్లు పనికొస్తాయని ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, మగవాళ్లని అసలు కలుపుకోలేదు, ఇంట్లో ఏం వాడాలో చెప్పేది వాళ్లాయె. అన్నిటికన్నా నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది ఎక్కడంటే, నేర్పే అమ్మాయిల్లోనే చాలామందికి దాని మీద నమ్మకం లేదంట, వాళ్లకి విరేచనాలైతే వాళ్లు మాత్ర వేసుకునేవాళ్లు. నేనూ అంతేగా, మా అబ్బాయికి మోషన్స్ అయితే నేరుగా ఆర్ఎంపీ దగ్గరకి పోయి సెలైన్ పెట్టించిన రోజులు ఉన్నయ్. జనం అదంతా చూస్తారండి, మాట వినే ముందు మనిషిని చూస్తారు. బ్రాక్ వాళ్లు తర్వాత పాఠంలో ఆ నాలుగు పేర్లూ పెట్టారు, మసీదులకీ బజార్లకీ పోయి మగవాళ్లతో మాట్లాడారు, వాడకం పెరిగింది.

మనకి అట్టాంటి పని చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు, కాకపోతే ప్యాకెట్ మీద ఒక లీటరు నీళ్లలో కలపండి అని రాసి చేతులు దులుపుకున్నాం. పల్లెలో లీటరు అంటే ఏంటి, చెంబా, గ్లాసా, బిందెలో పావా? గ్లాసుడు నీళ్లలో కొంచెం కొంచెం వేసుకుని మిగతాది మడిచి పెట్టుకునేవాళ్లని ఎంతమందిని చూశానో. నేను నీళ్ల బాటిల్ ఖాళీది సంచిలో పెట్టుకు తిరిగేదాన్ని, ఇదిగో ఈ బాటిల్ నిండా ఒక ప్యాకెట్ అని. ఈ మధ్యనేమో జ్యూస్ కంపెనీలవాళ్లు ఓఆర్ఎస్ అనే పేరునే ఎత్తుకుపోయారు, మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అడిగితే అట్టపెట్టెలో తియ్యటి జ్యూస్ చేతిలో పెట్టేవాళ్లు, డబ్ల్యూహెచ్ఓ లెక్క ప్రకారం లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాల్సింది, అందులో దానికి ఎన్నో రెట్ల చక్కెర, విరేచనాల పిల్లాడికి అది పడితే ఇంకా ఎక్కువవుతయ్. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడితే 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తిండి పదార్థాల మీద రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, ఆ పేరు అట్టా వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. ఆమె పట్టుకున్నది కూడా అదే, జనం ప్యాకెట్ వెనక సన్న అక్షరాలు చదవరు, పేరు చూసి కొంటారు. మన పోస్టర్ రాసేవాళ్లకి తెలియనిది జ్యూస్ అమ్మేవాళ్లకి బాగా తెలుసు.

ఇంక ఐరన్ మాత్రలు. కేంద్రం చేసే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది, ఆ ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లు ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మాత్రలు ఫ్రీ, ఆశా ఇంటికి తెచ్చిస్తది, మరి ఎందుకు తగ్గట్లేదు? ఒక ఇంట్లో బియ్యం డబ్బా పక్కన మూడు నెలల స్ట్రిప్పులు అట్టానే ఉన్నయ్, రబ్బరు బ్యాండ్ కూడా తీయలా. కడుపుతో ఉన్న కోడలు నాతో రోజూ వేసుకుంటున్నా అనే చెప్తది, రికార్డులో నేనూ అట్టానే రాశా, తప్పే, ఒప్పుకుంటున్నా. నిదానంగా కూర్చుని అడిగితే తేలింది, ఆ మాత్ర వేసుకుంటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని అత్త భయం, మొదటి కోడలికి ఆపరేషన్ అయింది కదా ఆ భయం. కోడలికేమో మోషన్ నల్లగా వస్తుందని భయం, మాత్ర లోపల కుళ్లిందేమో అనుకుందంట. అత్తది ప్రేమే, కోడలిది భయమే, ఇందులో అవగాహన లోపం ఎక్కడుందో నాకు అర్థం కాదు. నేను ఏం చేశానంటే అత్తనే కూర్చోబెట్టి "మీ కాన్పులప్పుడు ఎంత రక్తం పోయింది పిన్నిగారూ" అని అడిగా, ఆవిడ చెప్పుకుంటూ పోయింది, చెల్లెలు కాన్పులో పోయిందని కళ్లనీళ్లు పెట్టుకుంది, అప్పుడు చెప్పా, ఆ పోయే రక్తం ముందే దాచుకోవడానికే ఈ మాత్ర అని. మోషన్ నల్లగా వస్తది, అది మాత్ర వల్లే, భయపడక్కర్లేదు అని ముందే చెప్పడం మొదలుపెట్టా. అన్ని ఇళ్లలో పనిచేసిందని చెప్పను, కొన్నిట్లో చేసింది. ఈ ముక్క ఏ కరపత్రంలోనూ లేదు, అన్నిట్లో "రక్తహీనతను నివారిద్దాం" అనే ఉంది, ఆకుకూరల బొమ్మతో.

మరుగుదొడ్ల సంగతి ఇంకా విచిత్రం. 2014లో ఉత్తరాదిన ఐదు రాష్ట్రాల్లో ఓ సర్వే చేశారు, పనిచేసే దొడ్డి ఉన్న ఇళ్లలో కూడా 40 శాతానికి పైగా ఇళ్లలో కనీసం ఒకరు బయటికే పోతున్నారని తేలింది. బద్ధకం అనుకుంటాం. ఆ పరిశోధకులు కూర్చుని అడిగితే తెలిసింది, జనం భయం గుంట నిండడం గురించి. గుంట నిండితే ఎవరు తీయాలి? ఆ పని మనం చేస్తే కులం పోతుందని భయం, చేసే కులంవాళ్లు ఇప్పుడు రారు, రాకూడదు కూడా. కాబట్టి చిన్న గుంట ఉన్న దొడ్డిని పొదుపుగా వాడతారు, ముసలివాళ్లకీ ఆడవాళ్లకీ మాత్రమే. దీనికి "ఆరుబయట మలవిసర్జన అనారోగ్యం" అని గోడ మీద ఎన్నిసార్లు రాస్తే ఏం లాభం, సమస్య కులంలో ఉంటే మనం క్రిముల గురించి చెప్తున్నాం.

దీనికి సరైన సమాధానం మన తెలుగు నేల మీదే దొరికింది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ సెక్రటరీ పరమేశ్వరన్ అయ్యర్, ఆయనతో పాటు వేరే రాష్ట్రాల ఆఫీసర్లు కలిసి ఓ ఇంటి దొడ్డి గుంటలోకి దిగి చేతులతో ఎరువు ఎత్తారు. రెండు గుంటల దొడ్డి అది, ఒకటి నిండితే రెండోదానికి మార్చి మొదటిది మూసి వదిలేస్తే కొన్ని నెలలకి పొడి మట్టిలాగా అవుతుంది, వాసన కూడా ఉండదు. ఐఏఎస్ ఆఫీసరు గుంటలోకి దిగి పార పట్టుకుంటే చూసినవాళ్లకి ఎవరూ లెక్చర్ ఇవ్వక్కర్లేదు. కులం పిచ్చి దాంతో పోయిందని నేను అనను, అంత అమాయకురాలిని కాదు. కానీ భయం ఎక్కడుందో అక్కడ చెయ్యి పెట్టిన ప్రచారం నేను చూసింది అదొక్కటే.

యూపీలో పోలియో చుక్కలప్పుడు కూడా ఇదే, పిల్లలు పుట్టకుండా చేసే చుక్కలని పుకారు పుడితే ముందు పుకారుని తిట్టారు, తర్వాత అక్కడి ఆడవాళ్లనే వేలమందిని పనిలో పెట్టి వినడం మొదలుపెట్టారు. తలుపు మీద సుద్దముక్కతో పీ అని రాస్తే అయిపోయిన ఇల్లు, ఎక్స్ అని రాస్తే మిగిలిన ఇల్లు, ఆ ఎక్స్ ఇళ్లలో విన్నది ఏంటంటే "మా వీధిలో కాలవ లేదు, పిల్లకి జ్వరం వస్తే డాక్టర్ లేడు, ఈ చుక్కలకి మాత్రం నెలనెలా తలుపు కొడతారు, ఎందుకంట" అని. న్యాయమైన అనుమానమే. చుక్కలతో పాటు మిగతా వైద్యం కూడా తీసుకెళ్లాక, ఊరి పెద్దలు, మతపెద్దలు ముందుకొచ్చాక ఎక్స్‌లు తగ్గాయి, దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో.

ఎబోలా గురించి ఒక్క ముక్క చెప్పి మనదానికి వస్తా. 2014లో గినియా, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో అది వచ్చినప్పుడు మొదట్లో ఎబోలాకి మందు లేదు అని ఊదరగొట్టారు, అప్పటికి నిజమే, కానీ మందే లేనప్పుడు ఆస్పత్రికి ఎందుకు పోవాలని జనం ఇంట్లోనే దాచుకున్నారు. శవానికి స్నానం చేయించకుండా తెల్ల సూట్లవాళ్లు సంచిలో వేసుకుపోతుంటే రాత్రిపూట దొంగతనంగా పూడ్చుకున్నారు, గినియాలో వోమే అనే ఊళ్లో ప్రచారానికి పోయిన ఎనిమిది మందిని చంపేశారు కూడా. ఆంత్రోపాలజీవాళ్లు చెప్పింది విని 2014 నవంబర్‌లో డబ్ల్యూహెచ్ఓ రూల్స్ మార్చింది, ముట్టుకోకుండానే ప్రార్థన, ముస్లింలకి నీళ్లు లేని శుద్ధి, వాళ్ల ఇష్టప్రకారం కఫన్ అనే శవం మీది గుడ్డ, కుటుంబం దగ్గరుండి చూడొచ్చు. అయినా 11 వేల మందికి పైగా పోయారు, ముందే అడిగుంటే కొందరన్నా మిగిలేవాళ్లు. మనం 2020లో కరోనా వచ్చినప్పుడు ఏం చేశాం? జ్వరం అని చెప్తే వీధికి రేకులు అడ్డం పెట్టాం, ఇంటికి స్టిక్కర్ వేశాం, పోయినవాళ్ల మొహం కూడా చూపించలా. మా ఊళ్లో జ్వరమొస్తే నాకు చెప్పకుండా డోలో వేసుకుని పొలం పోయేవాళ్లు, "నీకు చెప్తే వీధంతా మామీద పడతది నర్సమ్మా" అని తర్వాత చెప్పారు. వాళ్లకి కరోనా గురించి టీవీవాళ్లకన్నా ఎక్కువే తెలుసు.

ఇంత చెప్తే "మరి పులిరాజా?" అంటారు, అనే ఉంటారు. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఎయిడ్స్ ప్రచారం కోసం ఉమ్మడి రాష్ట్రంలో ఊరూరా గోడల మీద, హోర్డింగ్‌ల మీద పెట్టినప్పుడు దుమ్ము రేగిపోయింది, ఇరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ నలభై దాటిన ఎవరినడిగినా చెప్తారు. అది మన నాలుక మీద పలికే పేరు, మన ప్రశ్న, ఢిల్లీ నుంచి తర్జుమా అయి వచ్చింది కాదు, అందుకే పట్టింది, ఆ రాసినవాళ్లకి దండం పెడతా. కానీ నా అనుభవం చెప్తా, రచ్చబండ దగ్గర మగవాళ్లు ఒకళ్లనొకళ్లు పులిరాజా అని ఏడిపించుకునేవాళ్లు, లారీ డ్రైవర్ ఒకాయనకి ఆ పేరే స్థిరపడిపోయింది, తర్వాత ఆయన టెస్టుకి రావాల్సి వస్తే పగలు రాలేక నన్ను పక్క మండలం సెంటర్ అడ్రస్ అడిగాడు. గుర్తుండిపోవడం వేరు, గడప దాటి రావడం వేరు. ఆ రెండోది ఎవరన్నా కొలిచారా అని నా అనుమానం.

మా డిపార్ట్‌మెంట్‌లో ఈ ప్రచారం పనికి ఐఈసీ, అంటే సమాచారం, విద్య, ప్రచారం, అని పేరుండేది, తర్వాత ఎస్‌బీసీసీ అని మార్చారు, ప్రవర్తనలో మార్పు అంట, పేరు మారింది, ఫ్లెక్సీ అదే, పైన నాయకుల ఫొటోలు పెద్దవి, కింద విషయం చిన్నది. జిల్లాకో డెమో, అంటే ఈ ప్రచారం చూసే ఆఫీసరు, ఉంటారు, పాపం ఆయన్ని అని లాభం లేదు, పైనుంచి మ్యాటర్ వస్తది, కింద ప్రింట్ చేయించి లెక్క చూపించాలి, జనాన్ని అడిగి రమ్మని ఎవరూ చెప్పరు, టైమూ ఇవ్వరు. డెంగీకి శుక్రవారం డ్రై డే అని పెడితే మొదటివారం ఒకాయన నన్ను పక్కకి పిలిచి "ఏందమ్మా, రేపు వైన్ షాపులు బందా" అని అడిగాడు, నేను నవ్వలేక చచ్చా. ఆయన తప్పా అది? తొట్లో నీళ్లు పారబోసే రోజు అని పెడితే ఏం పోయేది.

నేను అడిగేది పెద్ద ఖర్చు కూడా కాదు. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ ఉంది, తిరుపతి ఎస్వీలో ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఆ పిల్లలు ఎట్టాగూ ఏదో ఒక ఊరికి పోయి ప్రాజెక్టు చేయాల్సిందే. ఏ పోస్టర్ అయినా ప్రింట్‌కి పోయే ముందు ఓ పది ఊళ్లలో పదిహేను రోజులు వాళ్లని కూర్చోబెట్టండి, ఆ జబ్బుని ఏమంటారు, ఎందుకు వస్తుందనుకుంటారు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, దేనికి భయపడతారు, ఇవి రాసుకొచ్చాక మ్యాటర్ రాయండి, రాసింది ఆశాలకి చదివి వినిపించండి, వాళ్లు నవ్వితే మార్చండి. ఆశా, ఏఎన్ఎం నెలవారీ మీటింగ్‌లో ఎన్ని పంచారు అని కాకుండా "ఎవరు వద్దన్నారు, ఏమని వద్దన్నారు" అని ఒక్క కాలమ్ రిజిస్టర్‌లో పెట్టండి, ఇప్పుడు ఆ కాలమే లేదు, వద్దన్నవాళ్ల కారణం ఎక్కడ రాయాలో నాకు 31 ఏళ్లలో చోటు దొరకలా. మీ పేపర్‌కి కూడా ఓ విన్నపం, ఆఫీసర్ గారు అవగాహన లేదు అంటే మీ విలేకరి ఆ పక్కనే ఉన్న ఇంటావిణ్ని కూడా ఒక్క ముక్క అడిగి వేయాలి.

ఈ లెటర్ రాస్తుండగా మా వీధి చివర వేపచెట్టుకి ఓ ఫ్లెక్సీ కట్టారు, "అసాంక్రామిక వ్యాధుల స్క్రీనింగ్ శిబిరం" అని. పొద్దున పాలకి పోతూ ముగ్గుర్ని అడిగా అంటే ఏంటని. ఒకాయన ఏదో అంటురోగం వచ్చింది, అటు పోకూడదన్నాడు, ఇంకొకావిడ పిల్లలకి సూదులేమో అంది, మూడో ఆయన చదవలేదు, ఫొటోలు చూసి పార్టీ మీటింగ్ అనుకున్నాడంట. ఇంటికొచ్చి అట్ట ముక్క మీద "బీపీ, షుగర్ చూస్తారు, డబ్బులు అక్కర్లేదు, ఏమీ తినకుండా రండి" అని మార్కర్‌తో రాసి దాని కింద కట్టొచ్చా. తొమ్మిదిన్నరకల్లా ఇరవై మంది దాకా కూర్చున్నారు, స్టాఫ్ నర్సు పిల్ల ఎవరు కట్టారండీ ఇది, పర్మిషన్ ఉందా అని అడుగుతోందంట. నేనే కట్టానని చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
పల్నాడు జిల్లా